మొదటి ఏడాది గడప: ఖతార్ ఉన్నత విద్యలో ఒక వంతెన కథ

1973లో దోహాలో ఒక విద్యా కళాశాల తెరుచుకుంది. అందులో చేరినవారు 150 మంది: 57 మంది యువకులు, 93 మంది యువతులు. అప్పటికి ఖతార్ స్వతంత్ర దేశమై రెండేళ్ళే అయింది. దేశంలో బడులు ఒక క్రమంలో నిలదొక్కుకున్నది 1950ల తరువాతే. ఆ బడుల్లో పాఠాలు చెప్పినవారిలో చాలామంది ఈజిప్టు నుంచి, పాలస్తీనా నుంచి, ఇతర అరబ్బు దేశాల నుంచి వచ్చినవారు. కళాశాల ఉద్దేశం స్పష్టంగానే ఉంది: ఆ అధ్యాపకుల పక్కన నిలబడగల స్థానిక ఉపాధ్యాయులను తయారుచేసుకోవడం. 1977లో దానికి మరికొన్ని శాఖలు చేర్చి విశ్వవిద్యాలయం చేశారు. ఈజిప్టు వాస్తుశిల్పి కమాల్ అల్ కఫ్రావీ గీసిన అష్టభుజి గదులు, వాటి మీద పాత గల్ఫు ఇళ్ళను గుర్తుచేసే గాలిగోపురాలు ఈనాటికీ ఆ ప్రాంగణానికి గుర్తు. బడిలో అరబ్బీలో చదివిన పిల్లలు ఇక్కడ చాలా శాఖల్లో అరబ్బీలోనే చదువు కొనసాగించారు. వారికి కొత్త చోట ఉండే బెరుకు ఉండే ఉంటుంది కాని, బడికీ కళాశాలకీ మధ్య భాష ఒక ఏరై ప్రవహించలేదు.

ఆ ఏరు తరువాతి పాతికేళ్ళలో పుట్టింది. సహజవాయువు ఎగుమతులతో దేశపు ఆదాయమూ, దానితోపాటు ఆశయాలూ పెరిగాయి. 1995లో ఖతార్ ఫౌండేషన్ ఏర్పడింది. 1998లో వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయం దోహాలో తన కళా, రూపకల్పన విభాగపు శాఖను తెరిచింది. 2001లో కోర్నెల్ వైద్య కళాశాలతో ఒప్పందం కుదిరింది. ఆ తరువాత టెక్సస్ ఎ అండ్ ఎం (2003), కార్నెగీ మెలన్ (2004), జార్జ్‌టౌన్ (2005), నార్త్‌వెస్టర్న్ (2008) వరసగా వచ్చి, ఎడ్యుకేషన్ సిటీ అన్న ఒకే ఆవరణలో చేరాయి. ఒప్పందాల సారం ఒకటే: అమెరికాలో ఇచ్చే పట్టానే ఇక్కడా ఇవ్వాలి, ప్రవేశానికీ ఉత్తీర్ణతకూ అక్కడి కొలతలే ఇక్కడా ఉండాలి. భవనాలు, ప్రయోగశాలలు, ఆచార్యులు డబ్బుతో వస్తారు. ఆ తరగతి గదిలో కూర్చుని నిలదొక్కుకోగల పద్ధెనిమిదేళ్ళ విద్యార్థి మాత్రం డబ్బుతో రాడు. ఈ సంగతి ఖతార్ ఫౌండేషన్ చాలా తొందరగానే గ్రహించింది. వైద్య కళాశాల ఒప్పందం జరిగిన 2001లోనే ‘అకడమిక్ బ్రిడ్జ్ ప్రోగ్రామ్’ పేరిట ఒక ఏడాది చదువును ప్రారంభించింది.

పేరులోనే వంతెన ఉంది. ఇంటర్మీడియట్ స్థాయి చదువు ముగించిన విద్యార్థి అక్కడ ఇంగ్లీషు, గణితం, విజ్ఞానశాస్త్రాలు, కంప్యూటరు నేర్చుకుంటాడు. కాని పాఠ్యప్రణాళికలో కనిపించే ఈ నాలుగూ దాని పనిలో సగమే. మిగతా సగం మార్కుల కాగితం మీద కనిపించనిది. వేళకు తరగతికి రావడం, అధ్యాపకుడిని ప్రశ్నించడం అవిధేయత కాదని తెలుసుకోవడం, పుస్తకంలోని వాక్యాన్ని యథాతథంగా అప్పగించడానికీ దాన్ని తన మాటల్లో చెప్పి మూలాన్ని పేర్కొనడానికీ తేడా గ్రహించడం, అర్థం కానప్పుడు ఎవరి గది తలుపు తట్టాలో నేర్చుకోవడం అందులోవే. అబ్బాయిలకూ అమ్మాయిలకూ వేరువేరుగా నడిచే ప్రభుత్వ బడుల నుంచి వచ్చినవారికి, ఇద్దరూ ఒకే గదిలో కూర్చోవడం అనేదే ఒక కొత్త పాఠం.

వైద్య కళాశాల అనుభవం ఇంకా ఆసక్తికరమైనది. 2002లో రెండేళ్ళ ప్రీమెడికల్ చదువు మొదలైంది. 2008లో 15 మంది మొదటి జట్టుగా వైద్య పట్టాలు అందుకున్నారు. అమెరికా వెలుపల ఆ దేశపు విశ్వవిద్యాలయం ఎం.డి. పట్టా ఇవ్వడం అదే మొదటిసారి. అయితే ఆ పట్టాల పండుగకు ముందే, 2007లో, కళాశాల ప్రీమెడికల్ కన్నా ముందు మరొక ఏడాదిని చేర్చింది. దాని పేరు ఫౌండేషన్ ప్రోగ్రామ్. దేశంలోకెల్లా మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలను ఎంచుకోగల సంస్థకు ఇంకో ఏడాది ఎందుకు? జవాబు ఏ వైద్య అధ్యాపకుడికైనా తెలుసు. మార్కులు జ్ఞాపకశక్తిని చూపిస్తాయి. జీవరసాయన శాస్త్రంలో ఒక అధ్యాయాన్ని ఎవరూ వివరించకుండా తనంతట చదివి, అందులోని వాదాన్ని పట్టుకోగలగడం వేరే శక్తి. బడిలో ప్రథముడిగా నిలిచినవాడికి ఆ శక్తి లేదని మొదటి పరీక్షలోనే బయటపడితే, అంతకు ముందెన్నడూ ఓడిపోని ఆ పిల్లవాడు దాన్ని చదువు లోపంగా కాక తన లోపంగానే లెక్కిస్తాడు. తెలుగు మాధ్యమంలో పదో తరగతి వరకు చదివి, ఇంటర్మీడియట్ దాటి, ఎంసెట్‌లో మంచి ర్యాంకుతో వైద్య కళాశాలలో చేరి, మొదటి నెలలో గ్రే రాసిన శరీర నిర్మాణ శాస్త్ర గ్రంథం ముందు నిఘంటువు పట్టుకుని కూర్చున్న తరాలకు ఇది వేరే చెప్పనక్కరలేదు. వారికి వంతెన ఏడాది ఏదీ లేదు. ఉన్నది సప్లిమెంటరీ పరీక్ష, హాస్టల్లో ఒక దయగల సీనియరు.

చేర్చుకున్న విద్యార్థిని నిలబెట్టుకోవడం కళాశాల బాధ్యత అన్న ఆలోచన ప్రపంచంలో ఎక్కడా అంత పాతది కాదు. కొత్త విద్యార్థులకు కళాశాల పద్ధతులు నేర్పే తరగతులు బోస్టన్ విశ్వవిద్యాలయంలో 1888లోనే ఉన్నాయి; 1911లో రీడ్ కళాశాల అటువంటి కోర్సుకు క్రెడిట్ కూడా ఇచ్చింది. తరువాత అవి విస్తరించి, 1960ల నాటికి దాదాపు అంతరించాయి. తిరిగి వాటికి ప్రాణం పోసింది ఒక అల్లరి. 1970 మేలో కాంబోడియా దాడికీ కెంట్ స్టేట్ కాల్పులకూ నిరసనగా సౌత్ కరొలైనా విశ్వవిద్యాలయ విద్యార్థులు పరిపాలనా భవనంలోకి చొరబడ్డారు. అధ్యక్షుడు థామస్ జోన్స్ తన కార్యాలయంలోనే చిక్కుకుపోయాడు. ఆ అనుభవం నుంచి అతడు తీసిన తీర్మానం విచిత్రమైనది. పోలీసుల సంఖ్య పెంచాలని కాదు, కొత్తగా వచ్చే విద్యార్థికి విశ్వవిద్యాలయంతో అనుబంధం కలిగేలా ఒక కోర్సు పెట్టాలని. 1972లో మొదలైన ఆ ‘యూనివర్సిటీ 101’లో పాఠం చెప్పబోయే అధ్యాపకులకు ముందుగా శిక్షణ ఇచ్చారు. విద్యార్థిని మార్చే ముందు గురువును మార్చాలన్నది అందులోని మెలిక. 1974 నుంచి పాతికేళ్ళు దాన్ని నడిపిన జాన్ గార్డ్‌నర్, తన విద్యార్థి దశలో మొదటి ఏడాది మార్కులు రాక హెచ్చరిక అందుకున్నవాడే.

సిద్ధాంతం కూడా ఆ కాలంలోనే వచ్చింది. అదీ ఊహించని దారిన. ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1897లో ఆత్మహత్యపై రాసిన గ్రంథంలో, ఆ చర్యను ఒక మనిషి మనసుకు సంబంధించిన రుగ్మతగా మాత్రమే చూడరాదన్నాడు. మనిషికీ సమాజానికీ ఉన్న ముడి వదులైన చోట అది పెరుగుతుందని లెక్కలతో చూపాడు. 1970లో విలియం స్పేడీ, 1975లో విన్సెంట్ టింటో ఈ చూపును కళాశాలకు అన్వయించారు. చదువు మధ్యలో మానేసినవాడిని సోమరి అనో మందబుద్ధి అనో అనేముందు, ఆ సంస్థలో అతడికి ఒక మిత్రుడు, ఒక గురువు, ఒక చోటు దొరికాయా అని అడగాలన్నారు. జ్వరం వచ్చిన బిడ్డను పరీక్షించి పంపేయడానికీ, ఆ ఇంటి బావి నీళ్ళు కూడా పరీక్షించడానికీ ఉన్న తేడా వంటిదిది. 1987లో వెలువరించిన పుస్తకంలో టింటో మరొక అడుగు వేసి, మానవశాస్త్రవేత్త వాన్ జెనెప్ చెప్పిన సంస్కారాల క్రమాన్ని అరువు తెచ్చుకున్నాడు: పాత గూటిని వదలడం, నడిమి దశ దాటడం, కొత్త గూట్లో చేరడం. దీనికి 1992లో విలియం టియర్నీ గట్టి అభ్యంతరమే చెప్పాడు. సంస్కారం అనేది ఒక సమాజం తన బిడ్డలను తనలోకే తీసుకునే క్రతువు. అమెరికా ఆదివాసీ విద్యార్థిని తన వాళ్ళను వదిలి వేరే జాతి గూటికి రమ్మనడం సంస్కారం ఎలా అవుతుందని అతడి ప్రశ్న.

ఈ ప్రశ్న దోహాలో మరింత పదునెక్కుతుంది. అక్కడి స్వదేశీ విద్యార్థినికి పాత గూటిని వదలడం అన్న దశే లేదు. ఆమె సాయంత్రానికి ఇంటికి వెళుతుంది. శుక్రవారం నానమ్మ ఇంట భోజనానికి కూర్చుంటుంది. చదువు మధ్యలో పెళ్ళయితే బిడ్డతోపాటు చదువు కొనసాగిస్తుంది. ఆమె కళాశాలలో నిలవడానికి ఇల్లు అడ్డు కాదు, చాలాసార్లు ఇల్లే ఆధారం. ఖతార్ విశ్వవిద్యాలయంలో ఆడపిల్లల సంఖ్య మగపిల్లల సంఖ్యను ఎప్పుడో దాటిపోయింది. నేడు విద్యార్థుల్లో నూటికి డెబ్బై మందికి పైగా వారే. మగపిల్లవాడి కథ వేరు. బడి ముగిసిన మరునాడే సైన్యమో, పోలీసు శాఖో, మంత్రిత్వ శాఖో, చమురు సంస్థో మంచి జీతంతో తీసుకుంటుంది. కళాశాల మానేయడం అతడి కుటుంబానికి ఓటమిగా కనిపించదు. 1973 నాటి 57, 93 అంకెల్లోనే ఈ కథ బీజం ఉందనుకోవచ్చు.

ఇప్పుడు ఆ జాతీయ విశ్వవిద్యాలయం మాట. ఎడ్యుకేషన్ సిటీ గోడల అవతల, దేశ యువతలో అత్యధికుల భారాన్ని మోసేది అదే. 2003లో డాక్టర్ షేఖా అబ్దుల్లా అల్ మిస్నద్ దానికి అధ్యక్షురాలయ్యారు. ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన విద్యావేత్త ఆమె. అమెరికాకు చెందిన రాండ్ సంస్థ సలహాలతో పెద్ద సంస్కరణ మొదలైంది. అధ్యాపకుల నియామకం, బడ్జెటు, శాఖల నిర్మాణం అన్నీ మారాయి. ఈ వ్యాసానికి సంబంధించినవి రెండు మార్పులు. ఒకటి, విద్యార్థికి సలహా చెప్పే పనిని, చదువులో తోడ్పడే పనిని ప్రత్యేక కేంద్రాలకు అప్పగించడం. వెనకబడినవారికి తోటి విద్యార్థుల చేతనే పాఠాలు చెప్పించే సహాయ కేంద్రం అలా వచ్చిందే. రెండోది ఫౌండేషన్ ప్రోగ్రామ్. చాలా శాఖల్లో బోధన ఇంగ్లీషుకు మారింది కనుక, చేరదలచినవారు ముందు టోఫెల్‌లో 500 గాని దానికి సమానమైన మరో కొలతలో గాని అర్హత చూపాలి. గణితంలో, కంప్యూటరులో కూడా తగిన స్థాయి ఉండాలి. లేనివారు ఫౌండేషన్ తరగతుల్లో కూర్చోవాలి.

కాగితం మీద ఇది కూడా వంతెనే. కాని రెండు వంతెనల మధ్య తేడా పైకి కనిపించేదానికన్నా పెద్దది. వైద్య కళాశాలలో ఫౌండేషన్ ఏడాదికి చేరినవారు కొద్దిమంది. వారి పేర్లు వారికి బోధించేవారందరికీ తెలుసు. తరువాత చేరబోయే చదువూ ఆ భవనంలోనే ఉంది. జాతీయ విశ్వవిద్యాలయంలో చేరినవారు చాలామంది. వారు అప్పటికి ఏ కళాశాలకూ చెందినవారు కారు. వారు చదవదలచిన న్యాయశాస్త్రమో వాణిజ్యమో కిటికీలోంచి కనిపిస్తుంది గాని అందదు. ఒక విదేశీ పరీక్షలో ఒక అంకె దాటేదాకా వారు విద్యార్థులూ కారు, కానివారూ కారు. వాన్ జెనెప్ చెప్పిన నడిమి దశలోనే కాలం గడిచిపోయే ప్రమాదమిది. సలహాదారులు, సహాయ కేంద్రాలు ఎంత పనిచేసినా, అసలు గడప దగ్గర కాపలా ఒక అంకె చేతిలో ఉంది.

ఆ అంకె వెనక బడుల సంగతి ఉంది. 2004లో 12 ‘ఇండిపెండెంట్’ బడులతో మొదలైన పాఠశాలల సంస్కరణ గణితాన్నీ విజ్ఞానశాస్త్రాలనూ ఇంగ్లీషులో చెప్పించింది. 2006లో జరిగిన అంతర్జాతీయ పిసా పరీక్షలో ఖతార్ పదిహేనేళ్ళ పిల్లలకు విజ్ఞానశాస్త్రంలో వచ్చిన సగటు 349. పాల్గొన్న 57 దేశాలు, ప్రాంతాలలో దాని వెనక ఉన్నది కిర్గిజ్‌స్థాన్ ఒక్కటే. సంస్కరణ వయసు అప్పటికి రెండేళ్ళే కాబట్టి ఆ ఫలితాన్ని దాని మెడకు చుట్టడం న్యాయం కాదు. కాని విశ్వవిద్యాలయం తలుపు దగ్గరకు వస్తున్న పిల్లలు ఎంత దూరం నడవాలో అది చెప్పింది. బడి పన్నెండేళ్ళలో చేయలేని పనిని ఒక్క ఏడాదిలో చేయమని ఫౌండేషన్‌ను అడిగారు. అది చేయలేకపోయినప్పుడు తప్పు ఎవరి ఖాతాలో పడింది? పిల్లవాడి ఖాతాలోనే. ఇంట్లో, అరబ్బీ పత్రికల్లో వినిపించిన ప్రశ్న మాత్రం మరోటి: తన దేశంలో, తన డబ్బుతో నడిచే ఒకే ఒక్క జాతీయ విశ్వవిద్యాలయంలో, తన భాషలో న్యాయశాస్త్రం చదువుకోవడానికి ఖతార్ బిడ్డ ఇంగ్లీషు పరీక్ష ఎందుకు రాయాలి?

2012 జనవరిలో దీనికి జవాబు వచ్చింది. విద్యా సుప్రీం కౌన్సిల్ ఆదేశంతో న్యాయశాస్త్రం, అంతర్జాతీయ వ్యవహారాలు, మాధ్యమ అధ్యయనాలు, వాణిజ్య నిర్వహణ శాఖలు అరబ్బీకి మళ్ళాయి. ఆ శాఖలకు ఫౌండేషన్ తప్పనిసరి కాకుండా పోయింది. ఇంగ్లీషులో బోధించడానికి వచ్చిన అధ్యాపకులు ఇబ్బంది పడ్డారు. ఇంగ్లీషు మీద అప్పటికే ఏడాదో రెండేళ్ళో ఖర్చుపెట్టిన విద్యార్థుల్లో కొందరికి అది ఊరట, కొందరికి నిరాశ. ఉద్యోగ విపణి ఇంగ్లీషు అడుగుతూనే ఉంది కదా అని విమర్శకులు అన్నారు, నిజమే. అయినా ఆ ఆదేశాన్ని కేవలం వెనకడుగు అనడం తొందరపాటు. తలుపు బయట నిలబడిపోయినవారిని లోపలికి రప్పించడానికి రెండు దారులున్నాయి: వారిని ఎత్తడం, లేదా గడపను దించడం. ఖతార్ ఆ రోజున రెండోది ఎంచుకుంది. మొదటి దారికి కావలసిన ఓపిక, మనుషులు, కాలం అప్పటికి సమకూరలేదు.

హైదరాబాదు ఎరిగినవారికి ఇదంతా ఎక్కడో విన్నట్లుంటుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఈ ప్రయోగాన్ని దాదాపు నూరేళ్ళ కిందట, ఎదురు దిశలో చేసింది. 1917లో అనువాద విభాగాన్ని ఏర్పాటుచేసి, పాశ్చాత్య శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించి, 1919లో తరగతులు మొదలుపెట్టారు. ఇంగ్లీషు ఒక తప్పనిసరి పాఠ్యాంశం. బోధన మాత్రం ఉర్దూలో. చివరికి వైద్యశాస్త్రం కూడా ఉర్దూలోనే చెప్పారు. విద్యార్థి శక్తి భాషతో కుస్తీలో కాక విషయం మీద ఖర్చు కావాలన్న వాదం అందులో ఉంది. అది ఈనాటికీ చెల్లే వాదమే. కాని ఎవరి భాష? సంస్థానంలో అత్యధికుల ఇంటి భాష తెలుగు. మరాఠీ, కన్నడం మాట్లాడేవారూ లక్షల్లో ఉన్నారు. తెలంగాణ పల్లె నుంచి వచ్చిన తెలుగు పిల్లవాడికి ఉర్దూ ఒక ఏరు, ఇంగ్లీషు మరొక ఏరు. 1948 తరువాత బోధన ఇంగ్లీషుకు మారినప్పుడు, ఉర్దూలో పైదాకా చదివినవారు తాము ఎక్కిన మెట్లే కరిగిపోవడం చూశారు. దోహాలో 2012లో జరిగిన మార్పుకు ఇది అద్దంలోని బింబం. రెండు చోట్లా మాధ్యమం ఒక ఉత్తర్వుతో మారింది. మధ్యలో దొరికిపోయిన విద్యార్థి సంగతి చూసుకోవడం మాత్రం అతడికే వదిలేశారు.

తెలుగు నేల మీద వంతెనను నిజంగా భవనం లోపల కట్టిన ప్రయత్నం 2008లో జరిగింది. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పేరిట నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో వచ్చిన ట్రిపుల్ ఐటీలు పదో తరగతి ముగించిన పిల్లలనే తీసుకున్నాయి. మొదటి రెండేళ్ళు ప్రీయూనివర్సిటీ, తరువాత నాలుగేళ్ళు ఇంజనీరింగు. చోటు ఒకటే, హాస్టలూ ఒకటే. ప్రభుత్వ బడి పిల్లల గ్రేడు సగటుకు 0.4 అదనంగా కలిపి, వారు నడిచి వచ్చిన దూరాన్ని లెక్కలోకి తీసుకున్నారు. ఆ ప్రాంగణాల్లో తరువాతి కాలంలో వసతుల మీద, భోజనం మీద, అధ్యాపకుల కొరత మీద వచ్చిన ఆందోళనలు అందరికీ తెలిసినవే, వాటిని కప్పిపుచ్చనక్కరలేదు. కాని మూల నిర్మాణంలో ఒక తెలివి ఉంది. పదిహేనేళ్ళ పిల్లవాడు చేరిన రోజునే ఆ విశ్వవిద్యాలయపు విద్యార్థి. తెలుగు మాధ్యమం నుంచి ఇంగ్లీషుకు దాటడం అతడు లోపల ఉండి చేసే పని. భారతీయ వైద్య విద్య ఈ సంగతిని ఇంకా ఆలస్యంగా గుర్తించింది. 2019లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక ఎం.బి.బి.ఎస్. మొదట్లో ఒక నెల ఫౌండేషన్ కోర్సు పెట్టి, అందులో భాషకూ కంప్యూటరుకూ చోటిచ్చింది. నెల రోజులు చాలవు కాని, సున్నాకంటే నయం.

ఖతార్ ఆదేశం వెలువడిన 2012లోనే అమెరికాలో ఇదే విషయం మీద రెండు ముఖ్యమైన పత్రాలు వచ్చాయి. ‘కంప్లీట్ కాలేజ్ అమెరికా’ అనే సంస్థ, కళాశాల చదువుకు ముందు పెట్టే పూర్వపాఠాలను ఎటూ చేరని వంతెన అని శీర్షికలోనే ఎత్తిపొడిచింది. క్రెడిట్ లేని తరగతుల్లో చేరినవారిలో చాలామంది అసలు చదువును చేరకుండానే జారిపోతున్నారని దాని ఆరోపణ. రెండోది నార్త్ కరొలైనాలోని గిల్ఫర్డ్ సాంకేతిక కళాశాలలో ఒక ‘సక్సెస్ కోర్సు’ మీద యాదృచ్ఛిక పద్ధతిలో జరిగిన పరీక్ష. కాలాన్ని పొదుపుగా వాడుకోవడం, తనను తాను అర్థం చేసుకోవడం వంటివి నేర్పే ఆ కోర్సు కొందరి ఆత్మవిశ్వాసాన్ని పెంచింది గాని, మొత్తంమీద మార్కుల్లో, చదువులో నిలవడంలో చెప్పుకోదగిన తేడా తేలేదు. మంచి మాటలు చెప్పే తరగతి ఒక్కటే సరిపోదన్నమాట. సరైన ఆహారం తినమని చెప్పి పంపితే మధుమేహం తగ్గదని ప్రతి వైద్యుడికీ తెలిసినదే.

మరి ఏది పనిచేసింది? న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో ‘ఏశాప్’ అనే పథకం మొదలుపెట్టింది. పూర్వపాఠాలు అవసరమైన బీద విద్యార్థులకే దాన్ని వర్తింపజేసి, 896 మందిని లాటరీ వేసినట్లు రెండు జట్లుగా విడదీసి చూశారు. పథకంలో సదస్సు కోర్సు ఉంది. దానికి తోడు రుసుములో మిగిలిన లోటు భర్తీ చేశారు, పుస్తకాలిచ్చారు, రైలు, బస్సు చార్జీల కార్డిచ్చారు. అన్నిటికన్నా ముఖ్యం సలహాదారు. మామూలు విద్యార్థులకు ఒక సలహాదారు 600 నుంచి 1500 మందిని చూస్తుంటే, ఇక్కడ 60 నుంచి 80 మందిని చూశాడు. అతడిని కలవడం ఇష్టాన్నిబట్టి కాదు, తప్పనిసరి. మూడేళ్ళ తరువాత చూస్తే మామూలు జట్టులో నూటికి 22 మంది పట్టా పొందగా, ఈ జట్టులో 40 మంది పొందారు. వైద్య పరిశోధనలో ఒక మందుకు ఇంత తేడా కనిపిస్తే పత్రికలు పతాక శీర్షికలు పెడతాయి. ఇక్కడ మందు ఏమిటంటే, విద్యార్థి పేరు తెలిసి, రెండు వారాలు కనిపించకపోతే ఫోను చేసే ఒక మనిషి.

ఖతార్‌కు దీన్ని యథాతథంగా తెచ్చుకోవడం కుదరదు. స్వదేశీ విద్యార్థికి రైలు చార్జీ సమస్య కాదు. కాని ఆ దేశపు తరగతి గదుల్లో స్వదేశీయులు మాత్రమే లేరు. భారతీయ ఇంజనీర్ల, నర్సుల, లెక్కల గుమాస్తాల పిల్లలు దోహాలోని భారతీయ బడుల్లో సీబీఎస్ఈ చదువు ముగించి, ఒకప్పుడు తప్పనిసరిగా విజయవాడకో హైదరాబాదుకో చెన్నైకో విమానమెక్కేవారు. ఎడ్యుకేషన్ సిటీ వచ్చాక, 2021లో పుణె విశ్వవిద్యాలయపు శాఖ కూడా వచ్చాక, అక్కడే ఉండి చదివే దారి కొంత తెరుచుకుంది. వీరికి ఇంగ్లీషు ఏరు పెద్దది కాదు. వారి ఏరు వేరే ఉంది. గల్ఫులో కొడుకు నివాస అనుమతి తండ్రి ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. తండ్రి ఉద్యోగం పోతే ఇంట్లో అందరి అనుమతీ పోతుంది. తండ్రి పూచీ మీద కొడుకు ఉండగలిగేది, పెళ్ళి కాకుండా ఉంటే, 25 ఏళ్ళు నిండేవరకే.

ఇక్కడ చిన్న లెక్క వేయవలసి ఉంది. పన్నెండో తరగతి ముగిసేసరికి పిల్లవాడికి 18. ఫౌండేషన్ ఒక ఏడాది. వైద్య పట్టాకు ఆరేళ్ళు. మొత్తం కలిపితే సరిగ్గా 25. ఎక్కడా ఒక్క పరీక్ష తప్పకపోతే వచ్చే లెక్క ఇది. ఒక్క ఏడాది వెనకబడితే, తండ్రి పూచీ ముగిసిపోతుంది. అప్పుడు విశ్వవిద్యాలయమే పూచీదారుగా మారాలి, దానికి గడువులోగా దరఖాస్తు పెట్టాలి. ఈ సంగతి జీవరసాయన శాస్త్రంలో తప్పినవాడికి తెలియకపోవచ్చు. తప్పినందుకు సిగ్గుపడి ఇంట్లో చెప్పనివాడికి అసలే తెలియకపోవచ్చు. మార్కుల జాబితాతోపాటు నివాస కార్డు మీది తేదీని కూడా చూసే సలహాదారు ఉన్న చోట, ఆ కుర్రాడు మూడో నెలలోనే ఆ గదిలో కూర్చుని ఉంటాడు. లేని చోట, అతడి పేరు మరుసటి సెమిస్టరు హాజరు పట్టీలో ఉండదు.